సకీనా పుట్టించిన మాట

ప్రొద్దుటూరు గాజుల షరీఫ్ కూతురు సకీనా పొరుగూరి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరింది. అరవైల మొదటి రోజులు. తురకల పిల్ల పక్కన కూర్చోవడానికి ఆ గదిలో ఒకరిద్దరు మొహం ముడుచుకున్నారు.

తెల్లారక ముందే డ్యూటీ. కడుపులో ఏమీ ఉండదు. అందుకే కాబోలు, ఆ గదిలో పుట్టిన మాటలన్నీ తిండి మాటలే. లైనులో చిటపటలు వినిపిస్తే ‘బొరుగులు వేగుతాండాయి’ అనేవాళ్లు. బోర్డు మీద తీగలు చిక్కుపడితే ‘సేమ్యా’. పండక్కి పూర్ణం ఓళిగలు పంపే వ్యాపారి ఫోను చేస్తే అది ‘ఓళిగ’. వరసతో పని లేదు, ముందు దాన్నే కలపాలి. పోస్టాఫీసుల్లో కాచుకుని కూచునే బీదాబిక్కీ కాల్స్‌కు మాత్రం ఇంకా పేరు లేదు. చేరిన నెలలోనే ఆ పేరు సకీనా పెట్టింది: ‘చద్ది’.

“మూత పెట్టి ఉంచితే రేపటికైనా పనికొస్తుంది గదా!”

గదంతా పగలబడి నవ్వింది. మరునాడు కాత్యాయని తన కుర్చీని సకీనా పక్కకు జరుపుకుంది. ఆ నవ్వుతోనే సకీనాకు ఆ గదిలో చోటు దొరికింది.

మరుసటి వేసవిలో సెలవు పెట్టి, అక్క జమీలా కాన్పుకని పులివెందుల వెళ్లింది. నొప్పులు మొదలయ్యాక తేలింది, బిడ్డ అడ్డం తిరిగిందని.

“ఇది నా చేతుల్లో లేదు. జమ్మలమడుగు ఆసుపత్రికి ఎత్తుకపోండి, బిన్నా పోండి!” అంది మంత్రసాని మస్తానమ్మ.

ఎత్తుకుపోవడానికి బండేదీ? జమీలా మొగుడు దావూద్ ప్రొద్దుటూరులో నూనెమిల్లు వ్యాను డ్రైవరు. మధ్యాహ్నం సరుకేసుకుని కడప దారి పట్టేలోగా అతనికి కబురందాలి.

పోస్టాఫీసు గుమాస్తా అనంతరామయ్య కాల్ బుక్ చేశాడు. పులివెందుల నుంచి ప్రొద్దుటూరుకు ఏ కాలైనా సకీనా పనిచేసే ఎక్స్ఛేంజీ మీదుగానే కలవాలి. పరుగెత్తుకొచ్చిన సకీనా అక్కడి బల్ల మీద కూర్చుంది. ఎండ గడప దాటి లోపలికొచ్చింది. కాల్ రాలేదు. ఆమె మూడోసారి అడిగేసరికి ఆయన విసుక్కున్నాడు.

“నన్నడిగితే ఏం లాభమమ్మా? తీగ నా చేతిలో ఉందా? నువ్వే అడుక్కో” అని రిసీవర్ ఆమె చేతిలో పెట్టాడు.

అవతల కాత్యాయని గొంతు. సకీనాతో కాదు, గదిలో ఇంకెవరితోనో.

“పులివెందుల చద్ది రెండుండాయి గదే? ఇప్పుడే ఓళిగ వచ్చింది. చద్దికి మూత పెట్టు.”

వెనక నవ్వులు. ఎప్పటి నవ్వులే.

మూత కింద ఉన్నది సకీనా అక్క. అక్క కడుపులో బిడ్డ. ఇన్నాళ్లూ తను నవ్వుతూ మూత పెట్టిన కాల్స్‌లో ఎందరి అక్కలున్నారో!

“కాత్యాయనీ!” అని అరిచింది. “ఆ చద్ది నాదే! సకీనాను!”

“అయ్యో, నువ్వా! యాడుండావే? పేరు ముందే చెప్పకూడదా, పిచ్చిదానా! ఉండు, కలుపుతాండా.”

రెప్పపాటులో కలిసింది. “వస్తాండా, ఇప్పుడే వస్తాండా!” అని దావూద్ కేకేశాడు.

సకీనా రిసీవర్ దించబోతుంటే ఎవరో కొంగు లాగారు. గోడవార కూర్చున్న ముసలామె, తిరుపాలమ్మ.

“నేను నిన్నట్నుంచి ఈడనే ఉండా తల్లీ. మా ఆయన పోయినాడు. ప్రొద్దుటూరులో మూటలు మోసే నా కొడుకొస్తేనే ఎత్తేది. నువ్వేందో అంటానే కలిసె గదా, ఆ మాటేందో నాగ్గూడా నేర్పు.”

నిన్నట్నుంచి! ఇంట్లో శవాన్ని పెట్టుకుని! ఆ మాట ఈమెకెలా నేర్పడం? అది అందరికీ పని చేసే మాట కాదు. ఆ గదిలో కుర్చీ ఉన్నవాళ్లు పలికితేనే పని చేస్తుంది.

“కాత్యాయనీ, లైను కొయ్యొద్దు. ఆ రెండోది గూడా కలుపు.”

“అదీ మీవాళ్లదేనా?”

అవునంటే చాలు, కలుస్తుంది. సకీనా తిరుపాలమ్మ వైపు చూసింది.

“కాదు,” అంది. “మావాళ్లది కాదు. వరసలో ముందుంది. కలుపు.”