పెద్దమ్మ కొంగు

నా చిన్నప్పుడు ఏలూరు ఆసుపత్రి ఆడవాళ్ళ వార్డులో ఒక వాసన ఉండేది. అన్నం తింటూ ఇది చదువుతున్నవాళ్ళు ముందు భోజనం ముగించి రండి, దాన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. చీము వాసన, దాని మీద ఫినాయిల్ వాసన, ఆ రెండిటి మీదా వరండాలో రోగుల తాలూకు వాళ్ళు వండుకునే పులుసు వాసన. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎక్కడైనా ఫినాయిల్ కొడితే నేను అక్కణ్ణుంచి లేచిపోతాను.

మాది కొల్లేటి ఒడ్డున చేపలు పట్టుకు బతికే ఇల్లు. నాన్న వల లాగుతుంటే నేనూ వెనకాలే బురదలోకి దిగాను, ఆల్చిప్ప అరికాలిని చీల్చేసింది. కాలు పొంగి జ్వరం వచ్చాక పడవలో, ఆపైన ఎడ్లబండిలో ఏలూరు చేర్చారు. అమ్మ పచ్చి బాలింత కావడంతో నా దగ్గర ఉండడానికి మా పెద్దమ్మ వచ్చింది. డాక్టరమ్మ గారు కోసి చీము తీశారు. మొదట్లో గాయం ఎర్రగా, శుభ్రంగా మానుతూ వచ్చింది. ఉన్నట్టుండి మళ్ళీ చీము పట్టింది. పక్క మంచంలో ఉన్న అవ్వకు వీపు మీద చీము కారే పెద్ద రాచపుండు. ఆ పుండు ఏ కంపు కొట్టేదో, నా కాలు కూడా అదే కంపు కొట్టడం మొదలుపెట్టింది. కుళ్ళు చీలమండ దాటితే మోకాలి దాకా తీసేయక తప్పదని డాక్టరమ్మ గారు నాన్నతో చెప్పడం నేను విన్నాను. నాన్న బయటికి వెళ్ళిపోయాడు, చాలాసేపటి దాకా లోపలికి రాలేదు.

పెద్దమ్మ అంటే వార్డులో అందరికీ ప్రాణం. ఎవరు మూలిగినా ఆవిడే లేచి వెళ్ళేది. అవ్వకు కూతురు లేదని ఆవిడే ఒత్తిగిలించి పడుకోబెట్టేది, వీపు మీంచి కారే రసిని తన కొంగుతో తుడిచేది. అదే కొంగుతో నా నుదుటి చెమట తుడిచేది. మంచినీళ్ళ గ్లాసు అంచు తుడిచేది, పొయ్యి మీది గిన్నె దించేది, వచ్చి నా కట్టు సర్దేది. చెబుతుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తోంది. అప్పుడు మాత్రం అది నాకు అమ్మ ఒడిలాగే ఉండేది.

తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన నర్సమ్మ ఒకావిడ ఉండేవారు. మాట మెత్తన, పట్టుదల గట్టిది. ఒకరిని ముట్టుకున్నాక సబ్బుతో కడుక్కోకుండా ఇంకొకరిని ముట్టుకోవద్దని ఆవిడ పెద్దమ్మకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. పెద్దమ్మకు అది తలకొట్టేసినట్టుండేది. తెల్లారకుండానే కాలవలో మునిగి వచ్చేదాన్ని, నాకు శుభ్రం నేర్పుతుందా అని నా దగ్గర గొణిగేది. పొద్దున్నే తలారా స్నానం చేస్తే రోజంతా చేతులు శుభ్రమేనని ఆవిడ నమ్మకం. మా ఊళ్ళో అందరి నమ్మకమూ అదే.

ఒకరోజు పొద్దున నర్సమ్మ ఎవరికీ ఏమీ చెప్పకుండా అవ్వ పుండు చుట్టూ వంకాయ రంగు మందు దట్టంగా పూసి, పైన పల్చగా గుడ్డ వేసి వెళ్ళారు. పుళ్ళకు రాసే మందే అది, ఎవరూ పట్టించుకోలేదు. పెద్దమ్మ ఎప్పటిలాగే అవ్వను ఒత్తిగిలించింది, తుడిచింది, వేళ్ళకు కాస్త రంగు అంటితే మందే కదా అని కొంగుకు రాసుకుంది. నల్లని నేతచీర మీద ఆ మరక కనబడలేదు.

మధ్యాహ్నం ఆవిడ నాకు పెరుగన్నం కలిపి తినిపిస్తోంది. సగం తిన్నాను. ఇంకో ముద్ద కోసం కంచంలోకి చూసేసరికి తెల్లటి అన్నంలో వంకాయ రంగు చార ఉంది. అది ఎక్కడి రంగో నాకు తెలుసు. అప్పటికే అవ్వ వీపులోని చీము మింగేసినట్టు అనిపించింది. తిన్నదంతా మంచం మీదే కక్కేశాను.

నర్సమ్మ పరుగెత్తుకొచ్చారు. కంచం చూసి ఆవిడ మొహం కూడా వికారంగా అయిపోయింది. ఆ రంగు ఎక్కడెక్కడికి పాకిందో భోజనాల వేళకు ముందే వచ్చి పెద్దమ్మకు చూపిద్దామనుకున్నారట, పనిలో పడి ఆలస్యమైందట.

"ఏవండీ, ఆ కొంగొకసారి ఇలా ఇవ్వండి," అన్నారు.

తడిపిన తెల్లగుడ్డతో కొంగును ఒత్తితే గుడ్డంతా రంగు దిగింది. గ్లాసు అంచున ఉంది, నా జ్వరం దుప్పటి మీద ఉంది, నా కట్టు ముడి మీద ఉంది. ఆఖరికి పుళ్ళు కడగడానికి మంచం మంచానికీ తిప్పే ఆసుపత్రి బేసిను అడుగున కూడా ఉంది. నర్సమ్మ దాన్ని వెలుతురులోకి ఎత్తి చూశారు.

"మీ ఒక్కరి వల్లే కాదండీ, ఈ కుళ్ళును మంచం మంచానికీ మేమూ మోస్తున్నాం," అన్నారు చివరికి.

పెద్దమ్మ తన రెండు చేతులనూ ఒంటికి తగలకుండా ముందుకు చాపి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడిపోయింది. ఏడ్చింది, కానీ కళ్ళు తుడుచుకోవడానికి కొంగు ఎత్తలేదు.

ఆ పూట నుంచి మంచానికొక బేసిను వచ్చింది. పెద్దమ్మ కొంగు నడుముకు బిగించి, సబ్బుతో చర్మం పగిలేలా చేతులు కడిగేది. కుళ్ళు చీలమండ దగ్గరే ఆగింది. పాదం వంకరపోయింది కానీ కాలు నాకే మిగిలింది. అవ్వ మాత్రం ఇంటికి వెళ్ళలేదు.

ఇంటికి వచ్చిన రోజు పెద్దమ్మ కుంకుడు రసంతో మోచేతుల దాకా రుద్దుకుని, చేతులు అటూ ఇటూ తిప్పి నాకు చూపించింది. పెరుగన్నం కలిపి ముద్ద నా నోటి దగ్గరికి తెచ్చింది. ఆ చెయ్యి శుభ్రంగా ఉందని నా కళ్ళకు తెలుస్తోంది, కడుపు మాత్రం నమ్మలేదు. నా నోరు తెరుచుకోలేదు. ఆవిడ ముద్దను మెల్లగా కంచంలో పెట్టేసింది.

"పర్లేదు తల్లీ, నువ్వే కలుపుకో," అంది.

ఇప్పుడు ఆసుపత్రుల్లో ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని బ్యాక్టీరియా పుట్టుకొస్తోందని మా మనవరాలు బెంగగా చెబుతుంది. మా రోజుల్లో లొంగదీసే మందే లేదు, కడిగిన చెయ్యి ఒక్కటే దిక్కు. మొన్న తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మంచం మంచం తిరుగుతూ వచ్చిన కుర్ర డాక్టరును చేతులు కడుక్కొచ్చే దాకా ముట్టనివ్వలేదు. మొహం చిట్లించుకున్నాడు, చిట్లించుకోనీ. ఆ రోజు పట్టుకున్న అసహ్యం నన్ను ఇంకా వదల్లేదు, వదలాలని నేనూ కోరుకోవడం లేదు. పెద్దమ్మ బతికినన్నాళ్ళూ ఆవిడ చేతి ముద్ద మాత్రం మళ్ళీ తినలేకపోయాను.