మూలనున్న దిష్టి ఆకు

కర్నూలులో మా వడ్రంగి షాపుకు, కంప్యూటర్‌లో ఎక్కించిన డిజైన్‌ను చెక్క మీద చెక్కే సీఎన్‌సీ రౌటర్ మిషన్ కొందామని నెల రోజులుగా తర్జనభర్జన పడుతున్నాను. చిన్న బల్ల ఉన్నది చాలా, తలుపు మొత్తం పట్టేది కావాలా అన్నది తేలడం లేదు. కొనేముందు కళ్ళారా చూద్దామని ఈ రోజు పొద్దున్నే కడపలో మస్తాన్ షాపుకు వెళ్ళాను. మేమిద్దరం ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నాం. ఉలి పట్టడం రాలేదని రోజూ తిట్లు తిన్నది వాడే.

అలాంటివాడు కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటే, మిషన్ టేకు తలుపు మీద తీగలూ ఆకులూ చెక్కేస్తోంది. నా కడుపు మండిపోయింది. ఎక్కడైనా తప్పు దొరక్కపోతుందా అని వంగి వెతికాను. దొరికింది! మూలలో ఒక ఆకుకు కొన లేదు.

"ఏమప్పా, నీ మిషన్ ఈ ఆకును మర్చిపోయినట్లుండాదే?" అన్నాను సంబరంగా.

"అది నీ ఆకేప్పా! మా మామ ఇంటికి నువ్వు చెక్కిన తలుపునే స్కాన్ చేయించి ఎక్కించినా. దిష్టి తగలకుండా ఒక ఆకు కొన వదిలేయమని గురువు చెప్పినాడు గదా, అందుకే దాన్ని దిద్దనీలేదు. ఈడ అందరూ ఆ తలుపే అడుగుతాండారు" అన్నాడు.

నాకు ఇరవై రోజులు పట్టిన తలుపు మధ్యాహ్నానికల్లా అయిపోయింది. ఏ మిషన్ కొనాలో అడగకుండానే బస్సెక్కాను.

నా తలుపును నాకంటే వేగంగా చెక్కే మిషన్‌ను నేనూ కొనాలా? మీరే చెప్పండి. మస్తాన్ ఆ ఆకును దిద్దకపోవడమే మంచిదైంది. ఈ రోజు నేను పెట్టినంత దిష్టి ఆ తలుపుకు ఇంకెవరూ పెట్టలేరు.