బావి గట్టు మీద వాదన

భయానికి మందు జ్ఞానమేనని చాలా ఏళ్లు వేదికల మీద గొంతు చించుకున్నాను. దయ్యం పట్టిందన్న ఇళ్లకు వెళ్లి రుజువు అడిగాను. చేతబడి చేసిందని ఒక ముసలమ్మ మీద ఊరు ఊరంతా పడితే అడ్డం నిలబడ్డాను. శ్మశానంలో కూర్చుని అన్నం తిని చూపించాను. నేను ధైర్యవంతుణ్ణని జనం అనుకున్నారు. వాళ్లతో పాటు నేనూ అనుకున్నాను.

నాకు నీళ్లంటే భయం.

నిజామాబాద్‌లో కాలేజీ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. వస్తువు నీటిలో ఎందుకు తేలుతుందో బోర్డు మీద బొమ్మ గీసి వివరించేవాణ్ణి. కానీ నీళ్లు మోకాళ్లు దాటితే నాకు ఊపిరి పట్టేసేది. ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలియకుండా దాచడానికి నా దగ్గర ఒక గొప్ప సాకు ఉండేది. దాని పేరు సిద్ధాంతం.

నా భార్యకు కందకుర్తి దగ్గర గోదావరిలో మునగడం ఇష్టం. కార్తీకంలో తీసుకెళ్లేవాణ్ణి. ఆమె నీళ్లలోకి దిగేది. నేను గట్టున నిలబడి, నది పాపాలు కడగదని పక్కవాళ్లకు బోధించేవాణ్ణి. మహారాష్ట్ర నుంచి వచ్చిన యాత్రికులు నా తెలుగు అర్థం కాక మర్యాదగా తలూపేవారు. ఒకసారి ఆమె తడి కొంగు పిండుకుంటూ అంది:

"పుణ్యానికి దిగకుంటే మానె, సల్లగుంటదని దిగుండ్రి. దానికి గూడ మీ శాస్త్రం ఒప్పుకోదా?"

ఒప్పుకోదనే చెప్పాను.

ఆమె పోయింది. దినకర్మలు చేయలేదు. అది మేమిద్దరం ముందే అనుకున్న మాట. అయినా బంధువుల రాక తగ్గిపోయింది. పెళ్లి తంతులు వద్దన్నాను, గృహప్రవేశాలు వద్దన్నాను, బోనాల విందులు వద్దన్నాను. ఆమె ఉన్నన్నాళ్లు వాటన్నిటికీ తనే వెళ్లి, ఇంటికి నలుగురి కబుర్లు మోసుకొచ్చేది. ఇప్పుడు సాయంత్రాలు కుక్కర్ కూత తప్ప ఇంట్లో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలోనే ఒక అనుమానం మొదలైంది. నేను వద్దన్నవాటిలో నమ్మకం కొద్దీ వద్దన్నవి ఎన్ని, భయం కొద్దీ వద్దన్నవి ఎన్ని? పరిచయం లేని మనుషుల మధ్య విస్తరి ముందు కూర్చోవడమన్నా నాకు చెమటలే. లోకాన్నంతా రుజువు అడిగినవాడు తనను తాను అడగకపోతే, వాడికీ దొంగ బాబాకీ తేడా ఏమిటి?

పరీక్షకు నీళ్లే మేలనుకున్నాను. దిగామా లేదా అన్నదాంట్లో బుకాయింపుకు చోటుండదు.

బోధన్‌లో నాతో హైస్కూలు చదివినవాడొకడు ఆ పక్క ఊళ్లోనే వ్యవసాయం చేస్తున్నాడు. ఒకప్పుడు వాడి పొలమంతా చెరుకు, ఇప్పుడు వరి. రాతి మెట్ల బావి ఉంది. పరమ భక్తుడు. కలిస్తే మా ఇద్దరికీ వాదనే. ఫోన్ చేసి, నీ బావిలో ఈత నేర్పమన్నాను. ఇంట్లో ఒంటరిగా ఉన్నవాణ్ణి బావి పేరెత్తేసరికి వాడు హడలిపోయాడు.

"బాయి అంటున్నవ్... పానం మంచిగనే ఉన్నదారా?"

మంచిగనే ఉందని నమ్మించడానికి చాలా కష్టపడ్డాను.

బోధన్ బస్టాండు నుంచి వాడే బండి మీద తీసుకెళ్లాడు. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాన్‌ను నా వీపుకు కట్టాడు. నడుముకు తాడు కట్టి రెండో కొస తన చేతికి చుట్టుకున్నాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టబోతుంటే భుజం పట్టి ఆపాడు.

"ముందుగాల గంగమ్మకు దండం పెట్టు."

"నీళ్లకు దండమేంది? నీళ్లకు చెవులున్నయా?"

"నీకున్నయి గద, ఇను. మా తాత తవ్విచ్చిన బాయి ఇది. మొక్కకుండ ఎవ్వడు దిగలే."

"కప్పలు మొక్కినయా?"

"కప్పలకు ఈతొస్తది. నీకు రాదు."

నాకు ఊపొచ్చింది. మనిషి నీటిని దేవతగా ఎందుకు చేసుకున్నాడో మొదలుపెట్టాను. కరువు భయం నుంచి వరద భయం దాకా వచ్చాను. వాడు అడ్డం పడ్డకొద్దీ నా గొంతు లేచింది. ఒంటి మీద నిక్కరు, వీపున క్యాన్, నోట్లో మతాల పుట్టుక! చివరికి వాడు విసిగిపోయాడు.

"మొక్కకుంటే దిగకు. పా, ఛాయ్ తాగుదం."

నా ఒళ్లంతా హాయి పాకింది.

ఆ హాయే నన్ను పట్టిచ్చింది. వాదనల్లో గెలిచినప్పటి హాయి నాకు బాగా తెలుసు. ఇది అది కాదు. ఇది తప్పించుకున్నవాడి హాయి. ఇంటికి పోయి, ఒక్క దండం కోసం కూడా లొంగలేదని వ్యాసం రాసుకోవచ్చు. అందులో ఒక్క అబద్ధమూ ఉండదు, కానీ వ్యాసమంతా అబద్ధమే. గోదావరి గట్టున ఏళ్ల తరబడి నేను అనుభవించిందీ ఈ హాయినే.

దండం పెట్టను. అది నా నమ్మకం, దాన్ని వదలను. దాని వెనకాల దాక్కోవడం మాత్రం ఇక చాలు. చెబుతున్న వాక్యాన్ని సగంలో ఆపేశాను.

"నువ్వు మొక్కుతవో, తిడుతవో నీ ఇష్టం. నేను దిగుతున్న."

"అరే, ఆగురా! తాడు గట్టిగ పట్టనియ్యి!"

రాళ్లకు పాచి. నీళ్లు మోకాళ్లు దాటాయి, నడుము దాటాయి. ఊపిరి పట్టేసింది. భయం పోలేదు. ధైర్యం గురించి రాసేవాళ్లు ఇక్కడే అబద్ధమాడతారు కాబట్టి మళ్లీ రాస్తున్నాను: పోలేదు. నీళ్లతో పాటే అదీ గొంతు దాకా ఎక్కింది. అది అక్కడ ఉండగానే మెట్టు మీది నుంచి కాలు తీశాను. మునిగాను. ముక్కులోకి, నోట్లోకి నీళ్లు. క్యాన్ నన్ను పైకి ఎత్తింది.

"నోరు ముయ్యి, లెక్చరర్ సాబ్! కాళ్లు కొట్టు, కాళ్లు!"

కొట్టాను. ఎట్లాగో ఎదుటి గోడ రాయి చేతికి దొరికింది. పట్టుకుని దగ్గుతూ వేలాడాను. పై మెట్టు మీద వాడు పడీ పడీ నవ్వుతున్నాడు.

"నీ మొక్కు గూడ నేనే మొక్కిన. గందుకే తేలినవ్!"

తేల్చింది క్యాన్ అని చెప్పడానికి నాకు ఊపిరి మిగల్లేదు.

మధ్యాహ్నానికి ఇల్లు చేరి తాళం తీశాను. జుట్టు ఇంకా తడిగానే ఉంది. ఎందుకు తడిసిందని అడిగే మనిషి లేదు. ఇన్నాళ్లూ బయటి నుంచి గెలుపులే తెచ్చాను. మొదటిసారి ఒక కబురు తెచ్చాను, వినేవాళ్లు లేరు. తడి తువ్వాలు చేతిలో పట్టుకుని వరండాలో చాలాసేపు నిలబడిపోయాను.

ఆ రోజు పక్కింటి ముస్లిం కుటుంబంలో వలీమా, పెళ్లి తర్వాత పెట్టే విందు. నన్నూ పిలిచారు. ఇంతవరకు వాళ్లు ఎప్పుడు పిలిచినా నేను వెళ్లలేదు. అందులో నేను కాదనదగ్గ తంతు ఏముంది? నలుగురితో కూర్చుని అన్నం తినడమే. మరి ఎందుకు వెళ్లలేదో ఇక నన్ను నేను మభ్యపెట్టుకోలేను.

సాయంత్రం చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్లాను. ఫంక్షన్ హాల్ నిండా జనం. పెళ్లికొడుకు తండ్రి, మా పక్కింటాయన, ఎక్కడో లోపల ఉన్నాడు. నన్నెవరూ గుర్తుపట్టలేదు. బావిలో పట్టుకున్న భయమే మళ్లీ పట్టుకుంది. గుమ్మం పక్కన కాసేపు నిలబడి, ఒక్క కుర్చీ ఖాళీగా ఉన్న బల్ల చూసుకుని అటు నడిచాను.