ఇద్దరు విన్నారు

వెర్నీటా మాబ్రీ డెట్రాయిట్‌లో ఇరవై ఆరేళ్లు సిటీ బస్సు నడిపి, మోకాళ్లు అరిగిపోయాక యాభై తొమ్మిదో ఏట ఇంట్లో కూర్చుంది. నాకు ఆమె అంతకు చాలా ముందునుంచే తెలుసు. గ్రేషియట్ రోడ్డు మీద నేను పనిచేసే రికార్డుల షాపుకి డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చేది. కొనేది తక్కువ, నిలబడి వినేది ఎక్కువ. టెక్నో అన్న మాట ఊళ్లో ఇంకా ఎవరి నోటా నలగని రోజుల్లో, ఇరవై నిండని పిల్లగా, ఖాళీ గోడౌన్లలో ఆ సంగీతానికి చెమటలు కక్కుతూ ఆడిన మనిషి ఆమె. పెళ్లి చేసుకుంది, విడిపోయింది, తల్లిని చూసుకుంది, తల్లి పోయింది. ఈ మార్పులన్నిటి మధ్యా మారనిది ఒక్కటే, ఇంకా ఎవరూ వినని పాట కోసం వెతుకులాట.

పాటలన్నీ ఫోన్లోకి వచ్చేశాక మా షాపుకి వచ్చే చాలామంది వెతకడం మానేశారు. ఆమె మానలేదు.

“ఈ ఫోను నాకు నచ్చేవి ఏరి పెడుతుందటరా,” అనేది నాతో. “నిన్నటి కూరే ఇవాళ వేడిచేసి పెడుతోంది. నాకు నచ్చుతుందో లేదో నాకే తెలియనిది కావాలి. అది దానికెట్లా తెలుస్తుంది?”

అందుకని ఆమె పద్ధతి ఆమెది. ఎవరైనా తమ పాట పెట్టుకోగల సైటు ఒకటుంది. అందులో మా ఊరి పేరు కొట్టి, జాబితా అడుగునుంచి మొదలుపెట్టేది. ఒక్కరు కూడా వినని పాటలు అక్కడే ఉంటాయి. పొద్దున్నే కాఫీ కప్పు ముందు పెట్టుకుని, వంటింటి బల్ల దగ్గర హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పదిన్నర దాకా అదే పని. నూటికి తొంభై చెత్త అని ఆమే ఒప్పుకునేది.

కిందటేడాది మార్చిలో ఒక పేజీ దొరికింది. బొమ్మ ఉండాల్సిన చోట నల్లటి చదరం. పైన ఐదు ఇంగ్లిషు అక్షరాల పేరు. ఆమె ‘పిన్స్’ అని చదువుకుంది. పాటలకు పేర్లు లేవు, నంబర్లే. ప్రతి గురువారం పొద్దున పదింటికి ఒకటి చేరేది.

ఆ సంగీతం తన ఫోన్లోనే నాకూ వినిపించింది. అడుగున బరువుగా ఒక దెబ్బ, పక్కింట్లో ఎవరో నేలను దంచుతున్నట్టు. దాని మీద ఈల లాంటి సన్నటి స్వరం. ఆ రెంటి మధ్య ఒక తాళం. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లిగా, తర్వాత కాస్త ఆగడం. మళ్లీ అదే.

“మెషీను తప్పుతోందక్కా,” అన్నాను.

“మెషీను తప్పితే ఇట్లా తప్పదు. ఇది కుంటుతోంది. సరిగ్గా విను.”

ఆ సైటు ప్రతి పాట కిందా ఎంతమంది విన్నారో చూపిస్తుంది. ఎన్నిసార్లు విన్నా మనిషికి ఒకటే లెక్క. ఆమె ఆ పేజీకి వెళ్లేసరికి పాతవాటన్నిటి కిందా ‘ఒకరు విన్నారు’ అని ఉంది. రెండు రోజులు కూర్చుని అన్నీ వింది. అన్నీ ‘ఇద్దరు విన్నారు’ అయ్యాయి. అక్కడితో ఆగిపోయాయి. తర్వాత వచ్చిన ప్రతి పాటా అంతే. సరిగ్గా ఇద్దరు. ముగ్గురు ఎప్పుడూ కాలేదు.

పాట చేసినవాడే తన పాట వింటున్నాడేమో అనుకుంది మొదట. చేసిన మనిషి సొంత పేజీలో వింటే లెక్కలోకి రాదని నేను చెప్పాను. అది విన్నప్పట్నుంచి ఆమెకు నెమ్మది లేదు. ఒక గురువారం కావాలని వినకుండా ఉండి సాయంత్రం చూసింది. ‘ఒకరు విన్నారు’ అని ఉంది. ఇంట్లో తనొక్కతే ఉన్నాననుకుంటుంటే పక్క గదిలో ఎవరో దగ్గినట్టయిందట. పేజీకి ఉత్తరం రాసింది: ‘ఎవరు మీరు? చాలా బాగుంది.’ జవాబు రాలేదు.

మే నెలలో ముప్పై ఆరో నంబరు వచ్చింది. దాని చివర ఒక హారన్ ఉంది. దూరంగా, పొడుగ్గా, ఆఖర్లో గొంతు బొంగురుపోయి. వెర్నీటా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేసింది. అది రూజ్ నది మీద ఓడలకోసం పైకి లేచే వంతెన హారన్. పదకొండేళ్లు ఆ రూటులో బస్సు ఆపుకుని, ఎప్పుడు దిగుతుందా అని ఎదురుచూసిన వంతెన.

మర్నాడే కారు తీసుకుని ఆ వంతెన పక్క పేట డెల్‌రే వెళ్లింది. అక్కడిప్పుడు వీధికి నాలుగిళ్లు మిగిలితే గొప్ప. మిగతాదంతా నడుమెత్తు గడ్డి, లారీల దుమ్ము. టపా పంచుతున్న ఆయన్ని ఆపి అడిగింది.

“ఇక్కడ పాటలు చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“పాటలో ఏమో గానీ, గోడలు మాత్రం అదురుతుంటాయి. అదిగో ఆ ఆకుపచ్చ తలుపు. ముసలాయన ఒక్కడే ఉంటాడు. గట్టిగా కొట్టండి.”

తలుపు తీసినాయనకి ఎనభై దగ్గర ఉంటాయి. పేరు ఆర్పాడ్ కోచిశ్. పదకొండేళ్లప్పుడు హంగరీ నుంచి తల్లిదండ్రులతో వచ్చి, కొలిమిలో పనిచేసి, అక్కడే ఒక కాలు నలగ్గొట్టుకున్నాడు. అవన్నీ ఆమెకు తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం తడబడుతూ, “గురువారం వచ్చే పాటల గురించి వచ్చానండీ,” అంది.

ఆయన తలుపు చెక్క పట్టుకున్నాడు.

“మీరు వింటున్నారా?”

“వింటున్నానండీ.”

“రెండోది మీరేనా?”

“నేనే.”

ఆయన అక్కడే గడప పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయాడు. “మా అమ్మాయి అనుకున్నాను,” అన్నాడు.

“అమ్మాయి ఎక్కడుంటుందండీ?”

“వుడ్‌మియర్‌లో. ఫిబ్రవరి నుంచి.”

వుడ్‌మియర్ అక్కడికి దగ్గర్లోని శ్మశానం. వెర్నీటా తల్లి ఉన్నదీ అక్కడే.

ఆయన కూతురు పిరోష్కా. బట్టలు ఇస్త్రీ చేసే దుకాణంలో పని. నలభై ఒకటో ఏట ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. ఇంటి కింద గదిలో ఆమె పాటలు చేసే యంత్రాలు. ఆ పేజీ పేరు పిన్స్ కాదట, పింత్సె. వాళ్ల భాషలో నేల కింది గది.

“నేనే పాతిపెట్టి వచ్చాను. మట్టి కూడా వేశాను,” అన్నాడాయన. “ఆ వారం గురువారం పదింటికి మళ్లీ పాట వచ్చింది. మార్చిలో ఏమైందంటే, పాతవన్నీ రెండు రోజుల్లో ఒకటి పోయి రెండయ్యాయి. ఒకటి నేను. ఇంకొకరు ఎవరు? తను చేసుకున్నవి తనే తిరగేసుకుంటోందనుకున్నాను. పిచ్చివాణ్ణనుకోకండమ్మా. ఇంకెవరు వింటారు వాటిని?”

ఆయన మర్యాద తప్పని మనిషి. వచ్చినావిడకి కాఫీ ఇవ్వాలని లేచి వంటింట్లోకి వెళ్లాడు. చెక్క నేల మీద ఆయన అడుగులు. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లిగా, తర్వాత కాస్త ఆగడం.

రెండు నెలలకు పైగా వెర్నీటా చెవుల్లో నడుస్తున్నది ఈ మనిషే. కూతురు కింద కూర్చుని, నెత్తిమీద తిరిగే తండ్రి అడుగులు పట్టింది. వాటి చుట్టూ మిగతాది అల్లింది. ఆయనకది తెలియదని కూడా అర్థమైంది. చెప్పలేదు. కాఫీ తాగి, వెళ్లబోతూ, “నేను వినడం మానెయ్యనా?” అని అడిగింది.

“వద్దు. మళ్లీ ఒకటే కనపడితే చూడలేను.”

అటునుంచి అటే మా షాపుకి వచ్చింది.

“చచ్చిపోయిన మనిషి పాట పెట్టగలదంట్రా?”

పాటలు ముందే సైటులోకి ఎక్కించి, ఏ తేదీన బయటికి రావాలో రాసిపెడితే సైటే విడుదల చేస్తుందని చెప్పాను. జబ్బులో ఉన్నప్పుడు కూర్చుని ఎక్కించి ఉంటుందన్నాను.

“అయితే ఎన్ని ఉంటాయి?”

“ఆమె కంప్యూటరు తెరిస్తే తెలుస్తుందక్కా.”

మర్నాడే ఆమె మళ్లీ డెల్‌రే వెళ్లి ఆ సంగతి చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. కంప్యూటరు కిందే ఉంది, ఫిబ్రవరి నుంచి ఆయన మెట్లు దిగలేదు. కావాలంటే తను తెరిచి చూస్తానంది వెర్నీటా.

“చూడొద్దు,” అన్నాడు. “ఎన్నో తెలిస్తే రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను. అయిపోయిన రోజు అయిపోతాయి.”

ఆ వేసవంతా ఆమె ప్రతి గురువారం తొమ్మిదిన్నరకల్లా అక్కడ ఉండేది. ఒకసారి చిలగడదుంపతో ‘పై’ అనే తీపి వంటకం చేసుకుని వెళ్లేది, ఒకసారి ఆయన మిరపపొడి వేసిన కోడికూర వండిపెట్టేవాడు. ఆయన వినే పద్ధతి వేరు. పిరోష్కా పోకముందే తండ్రి చేతిలో ఒక టాబ్లెట్ పెట్టి, ఎక్కడ నొక్కాలో నేర్పింది. నొక్కితే కింద గదిలోని స్పీకర్లు మోగేవి. ఆయన పైన వంటింట్లో కూర్చుని, నేల గుండా వచ్చే ఆ దెబ్బను అరికాళ్లతో వినేవాడు.

“కిందికి పోయి వింటే ఎవరిదో పాట,” అనేవాడు. “ఇక్కడ కూర్చుంటే అమ్మాయి ఇంట్లో ఉన్నట్టుంటుంది.”

పది కొట్టేముందు ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. ఇవాళ వస్తుందో రాదో తెలియదు. వచ్చిందంటే ఊపిరి. ఊపిరితో పాటే ఇంకో భయం, మిగిలినవాటిలో ఒకటి తరిగిందని.

ఆగస్టులో వెర్నీటా ఆగలేకపోయింది. ఆ అడుగుల సంగతి తన దగ్గరే ఉంచుకోవడం దొంగతనంలా ఉందని నాతో అంది. నేను చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ గురువారం ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. పిరోష్కా కుర్చీలో కూర్చోబెట్టింది. దుమ్ము తుడిచింది. పాట పెట్టింది.

సన్నటి స్వరమూ, మధ్యలోని తాళమూ నేల దాటి పైకి రావు కదా, ఆయన వాటిని మొదటిసారి వింటున్నాడు. ముందు ఆశ్చర్యంగా నవ్వాడు కూడా. తర్వాత మొహం మారింది.

“ఇదేమిటి?”

“మీరే. మీ అడుగులు.”

“నేనా?”

“ప్రతి పాటలోనూ ఉన్నారండీ. మొదటిదాన్నుంచీ.”

ఆయన పాట అయిపోయేదాకా కదల్లేదు. “తగ్గించమని నేను పైనుంచి అరిచేవాణ్ణి,” అన్నాడు.

సంతోషిస్తాడనుకుంది వెర్నీటా. కానీ ఆ తర్వాతి వారం వెళ్తే ఆయన బూట్లు లేకుండా, రెండు జతల మేజోళ్లు తొడుక్కుని ఉన్నాడు. మరుసటి వారం కుర్చీలోంచి లేవనేలేదు, కాఫీ కూడా ఆమెనే పెట్టుకోమన్నాడు. కాలు నొప్పా అని అడిగింది.

“కాదమ్మా. నడుస్తుంటే కింద ఎవరో చెవి పెట్టుకుని ఉన్నట్టుంది. నేను ఆగితే ఆగుతుంది. నడిస్తే వింటుంది. ఇన్నేళ్లు తెలియక హాయిగా నడిచాను.”

ఆమె చాలా చెప్పి చూసింది. అది ప్రేమ కదా అంది. ఆయన కాదనలేదు. ప్రేమే, అందుకే భయంగా ఉందన్నాడు.

అక్టోబరు రెండో గురువారం పదింటికి ఏమీ రాలేదు. పదీ పావు. పదకొండు. టాబ్లెట్ చెడిపోయిందేమోనని ఆమె తన ఫోన్లో చూసింది. ఆఖరి నంబరు యాభై ఏడు. మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. ఆ తర్వాతి గురువారం కూడా కూర్చున్నారు.

“సరే,” అన్నాడు కోచిశ్.

లేచి, బూట్లు వెతుక్కుని తొడుక్కున్నాడు. ఆమె వెళ్లేటప్పుడు గేటుదాకా వచ్చాడు.

శీతాకాలం మధ్యలో ఆయన మేనల్లుడు టొలీడోలోని తన ఇంటికి రమ్మని పట్టుబట్టాడు. సామాను లారీలో పోయింది, ఆయన్ని వెర్నీటాయే కారులో దిగబెట్టింది. కంప్యూటరు మాత్రం లారీలో వెయ్యనివ్వలేదు. దుప్పట్లో చుట్టి గంటసేపూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తెరిచారా అని ఆమె అడగలేదు.

ఆ తర్వాత రెండు మూడు నెలలు ఆమె పాటల జోలికే పోలేదు. నేను పంపినవి కూడా తెరవలేదు. ఏప్రిల్లో ఒకరోజు షాపుకి వచ్చి, పాత డబ్బాలు తిరగేస్తూ నిలబడింది.

“మళ్లీ వెతుకుతున్నావా అక్కా?”

“వెతుకుతున్నా. పొద్దునే నది అవతల విండ్సర్ వాడిది ఒకటి దొరికింది, పరవాలేదు.”

“ఎవరో కనుక్కున్నావా?”

“పాట దొరికితే చాలురా. మనిషి జోలికి పోను.” ఒక రికార్డు తీసి, చూసి, మళ్లీ పెట్టేసింది. “ఆయనకి ఆ రెండో లెక్కలో ఒక మనిషి ఉండేది. నేను పోయి తలుపు కొట్టి, అది నేను అన్నాను.”

ఆదివారాలు కోచిశ్ ఆమెకి ఫోన్ చేస్తాడు. మంచు కరిగిందా అంటాడు, మేనల్లుడి కుక్క సోఫా చింపిందంటాడు. ఆమె మోకాళ్ల సంగతి చెబుతుంది. గంట మాట్లాడుకుంటారు ఒక్కోసారి. పాటల మాట ఇద్దరూ ఎత్తరు.