ఇరవైమూడో పేజీలో ఊట

కాలినడకన గుట్టలెక్కేవారి కోసం నేను చిన్న చిన్న పుస్తకాలు వేస్తాను. దారి నడిచేది నేనే, రాసేది నేనే, అచ్చయ్యాక కట్టలు కట్టి సైకిలు మీద దుకాణాలకు చేర్చేదీ నేనే. ప్రతి పుస్తకం మొదటి పేజీలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: “కాలు పెట్టని చోటి మీద కలం పెట్టలేదు.” ఆ వాక్యమంటే నాకు మహా గర్వంగా ఉండేది.

మాఘం వెళ్లిపోతుండగా వికారాబాదు నుంచి ఒక కార్డు వచ్చింది. “మా ఇంటాయన బడిపంతులు. పేరు దానియేలు. మీ పుస్తకం వట్టుకొని తాండూరు గుట్టకు పోయిండు. మీరు రాసిన ఎర్రజెండ కాడికి పోతే తూట పేలి రెండు కండ్లు పోయినయి. ఇంకొకరు పోకుండ పుస్తకం సరిజేయండి. ఇట్లు, మార్తమ్మ.” అంతే. తిట్టు ఒక్కటీ లేదు. తిట్టి ఉంటే బదులు రాసేవాణ్ణేమో.

మర్నాడు పొద్దున ఆరింటికి నాంపల్లిలో వాడి జంక్షనుకు పోయే ప్యాసింజరు ఎక్కాను. తాండూరుకు మూడో తరగతి టిక్కెట్టు. ఈ బండిలో ఎడమవైపు కిటికీ పట్టుకుంటే అనంతగిరి కొండలు కనిపిస్తాయని పాఠకులకు చెప్పినవాణ్ణి నేనే. ఆ రోజు కుడివైపు కూర్చున్నాను.

శంకర్‌పల్లిలో ఒక కందుల వ్యాపారి ఎక్కి నా ఎదుట కూర్చున్నాడు. నా ఒళ్లోని పుస్తకం తీసుకుని నాలుగు పేజీలు తిప్పాడు. “గుట్టలెక్కనీకె పుస్తకమా? మా ఊర్ల మేకలు ఏ బడిల సదువుకొని ఎక్కుతున్నయి సార్?” అని పకపకా నవ్వాడు. వేరే రోజైతే నేనూ నవ్వి, వాదించి, చివరకు ఒక ప్రతి అంటగట్టేవాణ్ణి. అప్పుడు మాత్రం పుస్తకం తీసుకుని సంచిలో పెట్టేశాను.

ఎనిమిదిన్నరకు వికారాబాదు. దానియేలు గారి ఊరు ఇదే, దిగలేదు. తప్పేమిటో ముందు కళ్లారా చూసుకుని, తర్వాత ముఖం చూపిద్దామని నాకు నేను చెప్పుకున్నాను. తప్పు నాది కాదని తేలకపోతుందా అన్నదే అసలు ఆశ.

పదింబావుకు తాండూరులో దిగాను. స్టేషను బయట హోటల్లో ఉప్మా తెప్పించుకుని సగం వదిలేశాను. టాంగా రోడ్డు చివరిదాకా వస్తుంది. అక్కడి నుంచి రెండు మైళ్లు నడక. ఇరవైమూడో పేజీ తెరిచి, నా పుస్తకాన్ని నేనే పట్టుకుని బయలుదేరాను. “వేపచెట్టు దగ్గర ఎర్రజెండా కనిపిస్తుంది. అక్కడ ఎడమకు తిరగండి.” నేను నడిచిన ఏడు ఆ చెట్టుకు గొర్లకాపరులు మైసమ్మ పేరున ఎర్రగుడ్డ కట్టి ఉన్నారు. పాతది చిరిగితే కొత్తది కడతామని వాళ్లే చెప్పారు. ఇంతకంటే నమ్మకమైన గుర్తు ఏముంటుందనుకున్నాను. ఆ తర్వాత రాతప్రతి ప్రెస్సులో రెండేళ్లు మూలిగింది. అచ్చు వేసే ముందు ఆ దారి మరోసారి నడిచి రావాలని నాకు తట్టలేదు.

వేపచెట్టు లేదు. గుట్టా లేదు. గుట్ట ఉన్న చోట పెద్ద గొయ్యి, అందులో గడ్డపారలతో నాపరాళ్లు పెకలిస్తున్న మనుషులు, ఒడ్డున దొంతర్లుగా పేర్చిన బండలు. కింద ఇద్దరు కన్నడంలో గట్టిగా కేకలేసుకుంటున్నారు. గొయ్యికి కాస్త ఇవతల ఒక కట్టెకు ఎర్రజెండా చుట్టి పడేసి ఉంది.

గని మేస్త్రి సాయన్న నన్ను చూసి దగ్గరికొచ్చాడు. ఇక్కడొక గుట్ట ఉండాలే అన్నాను.

“గుట్ట ఎప్పుడో బండలై పోయింది సార్. ఎవరి ఇండ్లల్ల పరిచిండ్రో.”

“మరి ఆ జెండా?”

“గా జెండనా? మీదున్న రాయి పగలగొట్టనీకె మందు కూరి తూట వెట్టినప్పుడు పాతుతం. గది జూస్తె ఎవ్వరైన ఎన్కకు మర్రుతరు.” ఆయన తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. “ఒక్క సారు మాత్రం చేతిల పుస్తకం వట్టుకొని జెండ దిక్కే నవ్వుకుంట ఒచ్చిండు. రావద్దని మేము ఒర్లినం. గాయన పుస్తకం మీదికెత్తి మాకు సూపెట్టిండు, ఇండ్ల రాసుంది అన్నట్టు. గంతల్నే పేలింది.”

చేతిలోని పుస్తకాన్ని ఆయన కంట పడకుండా సంచిలోకి జార్చాను.

“గా పుస్తకం రాసినోని దెచ్చి గీడ నిలవెట్టాలె సార్,” అన్నాడు సాయన్న. ఎండలో వచ్చానని కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది కూడా ఆయనే. ఆ రాసినవాణ్ణి నేనేనని చెప్పకుండా ఆ నీళ్లు తాగాను. జెండా దాటాక ఉండాల్సిన ఊట గురించి అడిగితే, అది ఉన్న చోటే గొయ్యి అన్నిటికన్నా లోతని చూపించాడు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటారు. మిగిలిన పేజీల్లో ఏ దారి ఏ గోతిలోకి తీసుకుపోతుందో తలుచుకుంటూ స్టేషను దారి పట్టాను.

రెండింటి బండికి తిరిగి, మూడున్నరకు వికారాబాదులో దిగాను. బజారులో పుస్తకాల దుకాణంవాడు అమ్ముడుపోని ప్రతులు తిరిగి ఇచ్చేశాడు. అమ్ముడైనవి ఎవరెవరు కొన్నారంటే, “యాది లేదు సార్,” అన్నాడు.

దానియేలు గారి ఇల్లు స్టేషనుకు పది నిమిషాల దూరం. మార్తమ్మ తలుపు తీసింది. పేరు చెప్పి, తాండూరు నుంచే వస్తున్నాననగానే ఒక్క క్షణం నా చెప్పుల వైపు చూసి లోపలికి రమ్మంది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, కళ్లకు తెల్లగుడ్డ కట్టుకుని. నేను క్షమాపణ మొదలుపెట్టేలోగా చేత్తో గాలిలో వెతికి నా చెయ్యి పట్టుకున్నాడు.

“మీరే ఒచ్చిండ్రా సార్! పుస్తకం తెచ్చిండ్రా? జెండ దాక నాకు నోటికొచ్చు. గా తర్వాత ఏముంటదో సూడకపోతి. జర సదువుండ్రి.”

చదివాను. “జెండా దాటి నూరడుగులు వేస్తే బండ సందున ఒక ఊట. నీళ్లు తియ్యన. పక్కనున్న రాతి మీద కూర్చుంటే పడమటి దిక్కున కందిచేలు కంటికి ఆననంత దూరం.”

“ఊట ఉన్నదా సార్ ఇంక? మా ఇంటామె లేదంటది. నేను పోతనంటనని గట్లంటున్నదేమో. మీరు ఇయ్యాల సూసే ఒచ్చిండ్రు గద.”

ఆయన ముఖం నా వైపే తిరిగి ఉంది. “ఉంది సారూ,” అన్నాను. “నీళ్లు అట్లాగే ఉన్నాయి.” ఆయన కళ్లు పోగొట్టిన నేను ఊట కూడా పోగొట్టలేకపోయాను. అది దయ అనుకున్నాను. పిరికితనమని వాకిలి దాటకముందే తెలిసింది.

మార్తమ్మ గేటు దాకా వచ్చింది. “ఆయనను తోలుకపోదామని ముందుగాల నేనే పోయి సూసొచ్చిన సార్. ఊటా లేదు, ఏం లేదు. రెండు నెలల సంది చెప్తున్న, నమ్మడు. ఇప్పుడు రాసిన మీరే ఉన్నదంటిరి.” ఆమె గొంతు పెంచలేదు. “ఇగ రేపటి సంది తోలుకపొమ్మని పానం దీస్తడు. యాడికి తోలుకపోవాలె సార్?”

తిరిగి లోపలికి వెళ్లి నిజం చెప్పాల్సింది. లోపలి నుంచి ఆయన ఉత్సాహంగా పిలుస్తున్నాడు, “మార్తా, నా కట్టె యాడ వెట్టినవే?” అని. బండికి వేళయిందని చెప్పి వచ్చేశాను. అసలు ఇంకా గంట టైముంది.

ఆరింబావుకు బండి కదిలింది. అందులో కూర్చునే ఇది రాస్తున్నాను. నిజం చెబుతూ దానియేలు గారికి ఉత్తరం రాద్దామంటే, దాన్ని ఆయనకు చదవాల్సింది మార్తమ్మే, ఆమె మాట ఆయన నమ్మడు. దారులు చెప్పడమే నా పని అనుకుని బతికాను. ఈ ఒక్క రోజులో, కావాలనే ఒక గుడ్డివాణ్ణి మళ్లీ ఆ గోతి వైపు పంపి వస్తున్నాను. ఇక పుస్తకాలు వేయను.

నా పుస్తకం మీ దగ్గరుంటే ఇరవైమూడో పేజీ చింపేయండి. తాండూరు దగ్గర ఎర్రజెండా కనిపిస్తే వెనక్కి తిరగండి. మీలో ఎవరైనా వికారాబాదులో దిగితే, పది నిమిషాలు నడిచి దానియేలు గారింటికి వెళ్లి, ఊట లేదని ఆయనతో చెప్పండి. నేను చెప్పలేకపోయాను.