సీతారామారావు పింగాణీ వైభవం

సీతారామారావుకి బొమ్మల పిచ్చి లేదు. టీ పిచ్చి అంతకన్నా లేదు. ఉన్నదల్లా టీం లీడర్ కుర్చీ పిచ్చి. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకం హడలిపోయి, తణుకు కుర్రాళ్లని సైతం విమానాలెక్కించి సింగపూర్ రప్పించుకున్న రోజులవి. తంజోంగ్ పగార్ ఆఫీసులో ఆయనవీ, జనార్ధనరావువీ పక్కపక్క సీట్లు. బూన్ లేలో ఇద్దరి ఫ్లాట్లూ ఒకే బ్లాకులో. కుర్చీ మాత్రం ఒక్కటే.

బాసు లిమ్ గారికి పాత పింగాణీ అంటే ప్రాణం. అది పసిగట్టి మనవాడు చైనాటౌన్‌లో ఒక టీ సెట్టు కొనుక్కొచ్చాడు. రెండువందల ఏళ్ల కిందట దొరల పిల్లలు ఆడుకోవడానికని చైనాలో చేసి ఓడలకెక్కించిన సామాను. మన లక్కపిడతల్లాంటివే అన్నమాట. నీలం పువ్వుల బుల్లి కెటిలు, గుక్కెడు కూడా పట్టని కప్పులు. పిల్లల కోసం పుట్టిన ఆ సామాన్ని షోకేసులో పెట్టి, చెయ్యి వేస్తే ఊరుకోనని కన్నకూతురు భువననే బెదిరించాడు మహానుభావుడు.

అసలు ధర తెలిస్తే భార్య ఉమ ఇల్లు పీకి పందిరి వేస్తుందని భయం. పాత సామాన్ల బజార్లో చవగ్గా దొరికిందన్నాడు. లిమ్ గారికి మాత్రం అసలు ధర మీద ఇంకొంత కలిపి చెప్పాడు. ఆయన ముచ్చటపడి, ఆదివారం వచ్చి చూస్తానన్నారు. ఇక కుర్చీ తనదేనని, సీతారామారావు జనార్ధనరావుతో మాట్లాడడం కూడా తగ్గించాడు.

శనివారం సాయంత్రం చూస్తే షోకేసు ఖాళీ. ముందురోజు వరలక్ష్మీ వ్రతం. పేరంటానికి అనుకున్నదానికన్నా ఎక్కువమంది వచ్చారట. వాయనానికి తెచ్చిన గిన్నెలు చాలక, ఉమ ఆ కప్పుల్లో పసుపూ కుంకుమా పోసి తలా ఒకటి ఇచ్చేసిందట. కెటిలు జనార్ధనరావు భార్యకి వెళ్లిందట.

సీతారామారావు నెత్తి బాదుకుని అసలు ధర కక్కేశాడు. ఉమ నోరు వెళ్లబెట్టింది.

"చవకదని మీరే అన్నారు కదండీ. అమ్మవారి పేరు చెప్పి ఇచ్చింది వెనక్కి అడిగే మొహం నాకు లేదు. మీకుంటే వెళ్లి అడగండి."

వెళ్లాడు, పాపం. జనార్ధనరావు భార్య తలుపు తీసి, ఉమ మనసు వెన్న అని మెచ్చుకుని, కెటిలుని పూజలో పెట్టుకున్నానని చూపించింది. సీతారామారావు మంచినీళ్లు అడిగి, తాగి, వచ్చేశాడు.

ఇక మిగిలింది జ్వరం. ఆదివారం లిమ్ గారికి ఫోన్ చేసి, ఒళ్లు కాలిపోతోంది, రావద్దని మూలిగాడు. ఆయన అప్పటికే బ్లాకు కింద ఉన్నారు. అక్కడ ఎదురుపడ్డ జనార్ధనరావు, ఇంత దూరం వచ్చారు కాఫీ తాగి వెళ్లండని తన ఇంటికి తీసుకెళ్లాడు.

సోమవారం ఆఫీసులో లిమ్ గారు పరవశించిపోయారు. పాత పింగాణీని అద్దాల వెనక దాచుకునేవాళ్లే అందరూ, దేవుడి ముందు పెట్టుకున్న ఇల్లు నిన్ననే చూశానన్నారు. ఎక్కడ కొన్నావంటే, కొనలేదు, ఎవరో అభిమానంగా ఇచ్చారని జనార్ధనరావు చెప్పాడట. ఎంత వినయమని ఆయన కరిగిపోయారు. అది నాదేనండీ అని సీతారామారావుకి నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆ జ్వరం ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. మింగేశాడు. మధ్యాహ్నానికల్లా జనార్ధనరావు టీం లీడరయ్యాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భువన ఖాళీ షోకేసులో తన బొమ్మలు సర్దుకుంటోంది. ఉమ సంగతంతా విని, మొగుడి చేతిలో కాఫీ గ్లాసు పెట్టింది.

"పోనీలెండి, మన వాయనం వాళ్లకి కలిసొచ్చింది."