కారుకి పెట్టిన చీవాట్లు

అక్క మొగుడు కాబట్టి బావని ఏమీ అనడానికి లేదు. అందుకే బావ మీద కోపమంతా ఆయన కారు మీద తీర్చుకుంటాడు మెకానిక్. ఆ పూట బావ షెడ్డుకి తెచ్చిన కారు బానెట్ ఎంతకీ తెరుచుకోవడం లేదు.

"నేను పైనుంచి బానెట్ నొక్కి పట్టుకుంటాను. మీరు లోపల లివర్ లాగండి బావా, మెల్లగా."

బావ బావిలోంచి బిందె తోడుతున్నట్టు లాగాడు. లివర్ ఊడి చేతికొచ్చింది.

"దీని మొహం మండ! చెప్పిన మాట వింటేగా!" అన్నాడు మెకానిక్, కారుతో.

కారు ముందున్న జాలీ సందులోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ దూర్చి కొక్కేన్ని పక్కకి తోస్తే, చివరికి బానెట్ లేచింది. కంపు గుప్పుమంది. లాక్ నిండా నల్లటి జిగురు, అందులో చచ్చిన బొద్దింకలు. వేలికి అంటిన జిగురు వాసన చూశాడు మెకానిక్. వేపుళ్ళు చేసి చేసి మాడిన నూనె!

"కిర్రుమంటోందని పోయిన నెల నేనే పోశాను. మూకుడులో మిగిలింది పారబోయడం ఎందుకని," అన్నాడు బావ.

"ఛీ, సిగ్గులేని జన్మ! దీన్ని తుక్కుకి వేసినా పాపం లేదు," అని బానెట్‌ని తిడుతూనే మెకానిక్ పెట్రోలు గుడ్డతో జిడ్డంతా తుడిచి, గ్రీజు పెట్టి, లివర్ బిగించాడు. లాగితే లాక్ టక్కున విడింది.

"భలే చేశావు బావమరిదీ!" అన్నాడు బావ. "ఆ రోజు ఇంకా గిన్నెడు నూనె మిగిలితే ఇంజిన్‌లో పోసేశాను."

మెకానిక్ చేతిలో గుడ్డ కింద పడేశాడు.

"ఛీ!" అన్నాడు.

ఈసారి కారు వైపు చూడలేదు.